పగ్ మొహం ఎప్పుడు చప్పిడి అయింది? 'హచ్ కుక్క' వెనక ఉన్న అసలు చరిత్ర

ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఒక చిన్న కుక్క గురించి. గుండ్రటి తల, నల్లటి మొహం, నుదుటి మీద ముడతలు, బయటికి వచ్చినట్టుండే పెద్ద పెద్ద కళ్ళు, మెలి తిరిగిన తోక. పేరు పగ్. ఈ పేరు చెప్తే కొంతమందికి వెంటనే తట్టకపోవచ్చు. 'హచ్ కుక్క' అంటే మాత్రం ముప్పై దాటినవాళ్ళకి ఠక్కున గుర్తొస్తుంది. కంపెనీ పేరు మారాక 'వోడాఫోన్ కుక్క' అన్నాం.

దీన్ని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, ముద్దొస్తుంది. పడుకుంటే మనిషిలాగా గురక పెడుతుంది. నాలుగడుగులు పరిగెత్తితే రొప్పుతుంది. "ఈ జాతి ఇంతేనండీ, పుట్టుకతోనే చప్పిడి ముక్కు, అందుకే గురక" అని అమ్మేవాళ్ళు చెప్తారు. కొన్నవాళ్ళు కూడా అదే అనుకుని ఊరుకుంటారు. నిజంగా ఈ జాతి ఇంతేనా? మొదటినుంచీ పగ్ మొహం ఇలాగే ఉందా? మధ్యలో మారిందా? మారితే ఎవరు మార్చారు? ఈ ఎపిసోడ్ అంతా ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్దాం. ఇంట్లో పగ్ ఉన్నవాళ్ళు, కొందామని చూస్తున్నవాళ్ళు చివరిదాకా ఉండండి. ఈ చరిత్ర తెలిస్తే కుక్కని చూసుకునే పద్ధతీ మారుతుంది, కొనే పద్ధతీ మారుతుంది.

చైనా రాజుల ఒడిలో

పగ్ పుట్టిల్లు చైనా. అక్కడ రాజుల అంతఃపురాల్లో చాలా కాలం నుంచీ పొట్టి మూతి ఉన్న చిన్న కుక్కల్ని పెంచేవాళ్ళు. ఇవాళ మనం పెకినీస్ అని పిలిచే బొచ్చు కుక్క కూడా ఆ కొలువులోదే. ఒక్కసారి ఆలోచించండి. అప్పట్లో కుక్క అంటే పని చేయాలి. వేటకి వెళ్ళాలి, మందని కాయాలి, గుమ్మం దగ్గర కాపలా ఉండాలి. ఈ చిన్న కుక్కలకి ఆ పనులేవీ లేవు. వీటి పనల్లా మనిషి పక్కన కూర్చోవడం. దాన్నే మనం తోడు కుక్క అనొచ్చు. పగ్ మొదటినుంచీ తోడు కుక్కే.

నుదుటి మీద ముడతల గురించి ఒక మాట చెప్తారు. చైనా లిపిలో 'రాజు' అనే అక్షరం మూడు అడ్డగీతలు, వాటి మధ్యలో ఒక నిలువుగీత. ముడతల్లో ఆ అక్షరం కనిపించే కుక్కకి గౌరవం ఎక్కువట. ఇది జాతి ప్రేమికులు చెప్పుకునే కథ. కానీ ఇందులో ఒక విషయం గమనించండి. కుక్కలో ఏ లక్షణం ఉండాలో మనిషి తన ఇష్టాన్ని బట్టి ఏరుకోవడం అప్పుడే మొదలైంది. ఇప్పటి కథంతా ఆ ఏరుకోవడం గురించే.

ఓడలెక్కి హాలండ్‌కి

పదహారు, పదిహేడు శతాబ్దాల్లో యూరప్ ఓడలు తూర్పు దేశాలకి రావడం మొదలైంది. పట్టు, పింగాణీ, మిరియాలతో పాటు ఈ చిన్న కుక్కలు కూడా ఓడలెక్కాయి. ఎక్కువగా చేరింది హాలండ్‌కి. డచ్ ఈస్టిండియా కంపెనీ పేరు మనవాళ్ళకి కొత్త కాదు. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. బందరులో వలందపాలెం అనే పేరు హాలండ్ వాళ్ళని మనవాళ్ళు 'వలందులు' అనడం వల్ల వచ్చిందే. ఆ వలందుల ఓడల్లోనే పగ్ కూడా పడమటికి వెళ్ళిందని చరిత్ర చెప్పేవాళ్ళ అంచనా.

పగ్ గురించి ఏ పుస్తకం తీసినా ఒక వీరగాథ కనిపిస్తుంది. 1572లో హాలండ్ నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్ స్పెయిన్ వాళ్ళతో యుద్ధంలో ఉన్నాడు. ఎర్మిన్యీ అనే చోట రాత్రిపూట గుడారంలో నిద్రపోతుంటే శత్రువులు మీదపడ్డారు. ఆయన పెంపుడు కుక్క మొరిగి, గీరి, మొహం మీదికి ఎగిరి దూకి లేపిందట. అలా ప్రాణాలు దక్కాయి. ఆ కుక్క పేరు పాంపే అనీ, అది పగ్ అనీ చెప్తారు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. కుక్క లేపిన సంగతి ఆ యుద్ధంలో పనిచేసిన ఒక ఆంగ్ల సైనికుడు రాసిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం 1618లో అచ్చయింది. దాని ప్రకారం అవి తెల్లటి చిన్న కుక్కలు, ముక్కు వంకర. పగ్‌ని మనం తెల్లగా ఎప్పుడైనా చూశామా? అదొకటి. రెండోది, డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1602లో, అంటే ఆ సంఘటన జరిగిన ముప్పై ఏళ్ళకి. మూడోది, డెల్ఫ్ట్ ఊళ్ళో విలియం సమాధి మీద ఆయన కాళ్ళ దగ్గర ఒక కుక్క శిల్పం ఉంది. దాన్ని చూస్తే పగ్ కంటే స్పానియల్ లాగా ఉంటుంది. హాలండ్‌లోనే కూయ్‌కర్ అనే ఇంకో జాతి వాళ్ళు ఆ కుక్క మాదే అంటారు. కాబట్టి కథ బాగుంది గానీ, అది పగ్ అని గట్టిగా చెప్పలేం. చెప్పగలిగింది ఏంటంటే, ఆరెంజ్ రాజవంశానికీ పగ్‌కీ ఆ తర్వాత విడదీయలేని సంబంధం ఏర్పడింది. 1688లో ఆ వంశానికి చెందిన మూడో విలియం ఇంగ్లండ్‌కి వెళ్ళి, మరుసటి ఏడాది భార్య మేరీతో కలిసి సింహాసనం ఎక్కినప్పుడు, వాళ్ళ వెంట నారింజ రంగు రిబ్బన్లు కట్టుకున్న పగ్‌లు వచ్చాయని చెప్తారు. ఇంగ్లండ్‌లో ఈ కుక్క ఫ్యాషన్ అవడం అక్కడి నుంచే.

1745 నాటి బొమ్మ

ఇప్పుడు మన ప్రశ్నకి మొదటి సాక్ష్యం చూద్దాం. స్క్రీన్ మీద ఒక పెయింటింగ్ వేస్తున్నాను. వీడియో చూడకుండా చదువుతున్నవాళ్ళ కోసం అందులో ఏముందో చెప్తాను.

విలియం హాగార్త్ అని లండన్‌లో పేరున్న చిత్రకారుడు. ఆయన 1745లో తన బొమ్మ తనే గీసుకున్నాడు. ఇప్పుడది లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. బొమ్మలో ఆయన మొహం వెనక వైపు ఉంది. ముందు, మనకి దగ్గరగా, ఆయన పెంపుడు పగ్ కూర్చుని ఉంది. దాని పేరు ట్రంప్. ఆ కుక్క మొహం చూడండి. నల్లటి మూతి ఉంది, ముడతలు ఉన్నాయి, పగ్ అని గుర్తుపట్టొచ్చు. కానీ మూతి ముందుకు వచ్చి ఉంది. మూతి అంటూ ఒకటి ఉంది! కాళ్ళు పొడుగ్గా ఉన్నాయి, ఒళ్ళు సన్నగా ఉంది. ఇవాళ్టి పగ్‌ని పక్కన పెడితే దానికి దూరపు చుట్టం లాగా కనిపిస్తుంది.

చిత్రకారుడు ఊహించి గీశాడేమో అని మీకు అనుమానం రావచ్చు. ఇదే ట్రంప్‌ని రూబిలియాక్ అనే శిల్పి మట్టితో మలిచాడు. దాన్ని బట్టి చెల్సీ ఫ్యాక్టరీ వాళ్ళు పింగాణీ బొమ్మ కూడా చేశారు. అందులోనూ మూతి బయటికే ఉంది. స్పెయిన్‌లో గోయా 1786 ప్రాంతంలో ఒక గొప్పింటి ఆవిడ బొమ్మ గీశాడు, ఆవిడ కాళ్ళ ముందు ఒక పగ్ నడుస్తూ ఉంటుంది. దానికీ చురుకైన కాళ్ళు, కనిపించే మూతి ఉన్నాయి. వేర్వేరు దేశాలు, వేర్వేరు చేతులు, అన్నీ చెప్పేది ఒకటే. పద్దెనిమిదో శతాబ్దంలో పగ్‌కి ముక్కు ఉంది.

యూరప్‌కి పట్టిన పగ్ పిచ్చి

ఆ శతాబ్దంలో పగ్ అంటే యూరప్‌కి పిచ్చి. డచ్ వాళ్ళూ జర్మన్లూ దీన్ని 'మాప్స్' అన్నారు. ఫ్రెంచ్ వాళ్ళు 'కార్లాఁ' అన్నారు. పారిస్ రంగస్థలం మీద నల్లటి ముసుగు వేసుకుని హాస్యం చేసే ఒక నటుడి పేరు అది. కుక్క మొహం మీద నల్ల ముసుగు చూసి ఆ పేరు పెట్టారు.

ఇంకో విచిత్రం వినండి. 1738లో పోప్ పన్నెండో క్లెమెంట్, కేథలిక్కులెవరూ ఫ్రీమేసన్ల రహస్య సంఘాల్లో చేరకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. దాంతో 1740 ప్రాంతంలో జర్మన్ కేథలిక్కులు కొంతమంది వేరే పేరుతో ఒక రహస్య సంఘం పెట్టుకున్నారు. పేరు 'పగ్ సంఘం'. విశ్వాసానికి గుర్తు కాబట్టి పగ్‌ని ఎంచుకున్నారు. కొత్తగా చేరేవాళ్ళు మెడకి కుక్క పట్టీ కట్టుకుని, లోపలికి రానివ్వమని తలుపు గీరాలట. ఆడవాళ్ళని కూడా చేర్చుకున్నారు, ఆ రోజుల్లో అది పెద్ద విషయం. 1745లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పుస్తకం వీళ్ళ గుట్టంతా బయటపెట్టింది. ఇదే కాలంలో మైసెన్ పింగాణీ ఫ్యాక్టరీ వాళ్ళు రకరకాల పగ్ బొమ్మలు చేసి అమ్మారు.

నెపోలియన్ భార్య జోసెఫిన్ దగ్గర కూడా ఒక పగ్ ఉండేది. పేరు ఫార్చ్యునే. కొత్త పెళ్ళికొడుకు నెపోలియన్‌ని అది కరిచిందని చెప్పుకుంటారు. యూరప్‌నంతా గడగడలాడించిన మనిషి, ఇంట్లో కుక్క దగ్గర ఓడిపోయాడన్నమాట.

అసలు మలుపు: 1860 తర్వాత

ఇప్పుడు మొహం మారిన ఘట్టానికి వస్తున్నాం. ఇది జాగ్రత్తగా వినండి.

1860లో బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాలు బీజింగ్ మీద పడ్డాయి. రాజుల వేసవి భవనాన్ని దోచుకుని తగలబెట్టాయి. ఆ దోపిడీలో అక్కడ దొరికిన పెకినీస్ కుక్కల్ని కూడా ఎత్తుకొచ్చారు. వాటిలో ఒకదాన్ని విక్టోరియా రాణికి ఇచ్చారు. దానికి పెట్టిన పేరు 'లూటీ'. లూటీ అంటే మన దోపిడీయే, హిందీ నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన మాట. సిగ్గుపడాల్సిన పనికి అంత నిజాయితీ గల పేరు ఇంకోటి ఉండదేమో.

ఆ తర్వాతి సంవత్సరాల్లో చైనా నుంచి పగ్‌లు కూడా కొత్తగా ఇంగ్లండ్ చేరాయి. ల్యాంబ్, మాస్ అనే జంట అందులో ముఖ్యమైనవి. వాటికి పుట్టిన క్లిక్ అనే మగ కుక్కతో ఇంగ్లండ్‌లోని పాత పగ్‌ల్ని దాటించారు. ఈ చైనా రకం కాళ్ళు ఇంకా పొట్టి, మొహం ఇంకా చప్పిడి. 1886లో లేడీ బ్రాసీ అనే ఆవిడ నల్ల పగ్‌ల్ని ప్రదర్శనకి తెచ్చింది. విక్టోరియా రాణి స్వయంగా పగ్‌ల్ని పెంచి పిల్లలు తీయించింది. రాణి పెంచితే ఊరుకుంటారా? ఉన్నవాళ్ళందరికీ పగ్ కావాల్సి వచ్చింది.

అయితే కొత్త రక్తం రావడం ఒక్కటే కారణం అయితే మొహం అక్కడితో ఆగిపోయేది. ఆగలేదు. ఎందుకంటే సరిగ్గా అదే సమయంలో ఇంకోటి పుట్టింది, డాగ్ షో. బ్రిటన్‌లో పద్ధతిగా జరిగిన మొదటి కుక్కల ప్రదర్శన 1859లో న్యూకాసిల్‌లో జరిగింది. 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. 1883లో పగ్ డాగ్ క్లబ్ వచ్చింది. 1885లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ పగ్‌ని గుర్తించింది. కుక్క ఎలా ఉండాలో కాగితం మీద రాసుకున్నారు. మూతి పొట్టిగా, మొద్దుగా, చతురస్రంగా ఉండాలి, ముడతలు బాగా కనిపించాలి అని రాశారు.

సమస్య ఎక్కడుందో చూశారా? 'పొట్టిగా' అన్నారు. ఎంత పొట్టి? కొలత లేదు. న్యాయనిర్ణేత ముందు పది కుక్కలు నిలబడితే, పొట్టి మూతి ఉన్నదానికి బహుమతి వస్తుంది. బహుమతి వచ్చిన మగ కుక్కతోనే అందరూ తమ ఆడ కుక్కల్ని దాటిస్తారు. వచ్చే ఏడాది పది కుక్కలూ పొట్టి మూతివే. వాటిలో ఇంకా పొట్టిదానికి బహుమతి. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. ఒక్కో తరంలో వెంట్రుకవాసి మార్పు. నూరేళ్ళు గడిచేసరికి మూతి మొహంలో కలిసిపోయింది.

దీనికి తోడు రక్త సంబంధం. మేనరికాలు వద్దని డాక్టర్లు మనకి ఎందుకు చెప్తారు? దగ్గర రక్తంలో దాగి ఉన్న లోపాలు పిల్లల్లో బయటపడతాయని. మేలు జాతి కుక్కల్లో మేనరికం చాలా చిన్న మాట. ఒకే మగ కుక్క వందల పిల్లలకి తండ్రి అవుతుంది, తర్వాత ఆ పిల్లల్లో పిల్లల్నే జత కలుపుతారు. లండన్ ఇంపీరియల్ కాలేజ్ శాస్త్రవేత్తలు 2008లో లెక్క కడితే, బ్రిటన్‌లో సుమారు 10,000 పగ్‌లు ఉన్నా జన్యువుల వైవిధ్యం చూస్తే దాదాపు 50 కుక్కలతో సమానం అని తేలింది. అదే ఏడాది బీబీసీ మేలు జాతి కుక్కల ఆరోగ్యం మీద ఒక డాక్యుమెంటరీ చూపించింది. దాని మీద అంత దుమారం రేగింది, క్రఫ్ట్స్ అనే ప్రపంచ ప్రసిద్ధ డాగ్ షో ప్రసారాన్ని బీబీసీ మానేసింది.

ఆ మొహం లోపల ఏం జరుగుతుంది?

మూతి ఎముక పొట్టిదైంది. మరి లోపలి కండ? అది తగ్గలేదు. పెద్ద సూట్‌కేసులో పట్టే బట్టల్ని చిన్న చేతిసంచిలో కుక్కినట్టు ఊహించుకోండి. అంగిలి వెనక ఉండే మెత్తని భాగం గొంతులోకి జారి గాలికి అడ్డం పడుతుంది. ముక్కు రంధ్రాలు సన్నటి గీతల్లా మూసుకుపోతాయి. మనం ముద్దుగా వినే గురక, గాలి ఆ ఇరుకులోంచి దూరడానికి చేసే పోరాటం. కొన్ని పగ్‌లు కూర్చునే నిద్రపోతాయి, గడ్డం ఎత్తి పెట్టుకుని లేదా నోట్లో బొమ్మ పెట్టుకుని పడుకుంటాయి. మనం ఫొటో తీసి స్టేటస్ పెడతాం. పాపం, అది ఊపిరి ఆడటం కోసం నోరు తెరిచి ఉంచుకోవడానికి వేసుకున్న ఉపాయం. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అలాంటిదే.

కళ్ళ గుంటలు లోతు లేకపోవడంతో కళ్ళు బయటికి వచ్చి ఉంటాయి, తేలిగ్గా గీసుకుని పుండ్లు పడతాయి. ముడతల్లో తేమ చేరి చర్మం పాడవుతుంది. మెలి తిరిగిన తోకకి కారణం వంకర ఎముకలు. అదే వంకర కొన్నిసార్లు వెన్నెముకలో పైకి వచ్చి నడకని దెబ్బతీస్తుంది.

ఇది ఎంత తీవ్రమో లెక్కల్లో చెప్తాను. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజ్ వాళ్ళు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. మిగతా కుక్కలతో పోలిస్తే, ఏడాదిలో ఏదో ఒక జబ్బు వచ్చే అవకాశం పగ్‌కి 1.9 రెట్లు ఎక్కువ. ఈ పొట్టి మూతి వల్ల వచ్చే శ్వాస సమస్య దాదాపు 54 రెట్లు. కంటి పుండ్లు సుమారు 13 రెట్లు. ముడతల్లో ఇన్ఫెక్షన్ 11 రెట్లు. ఒళ్ళు చేయడం 3.4 రెట్లు. న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. కోపం, మీదపడి కరవడం లాంటివి పగ్‌లో తక్కువని అదే అధ్యయనంలో తేలింది. అంటే మనసు బంగారం, ఒళ్ళే దాన్ని బాధపెడుతోంది. ఆరోగ్యం విషయంలో పగ్‌ని ఇక మామూలు కుక్క అనలేం అని ఆ పరిశోధకులు తేల్చారు.

మన ఎండలు, మన పగ్

ఇక మన దగ్గరికి వద్దాం. 2003లో హచ్ ప్రకటన వచ్చింది. ఒక చిన్న పిల్లాడు, వాడు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెనకాలే చిన్న పగ్. మా నెట్‌వర్క్ మీ వెంటే ఉంటుంది అని చెప్పడానికి అంతకంటే తేలికైన మార్గం లేదు. ఆ కుక్క పేరు చీకా. ఆ ప్రకటన తర్వాత దేశమంతా పగ్‌లకి గిరాకీ పెరిగిపోయింది. విక్టోరియా రాణి ఇంగ్లండ్‌లో చేసిన పని మన దగ్గర ఒక టీవీ ప్రకటన చేసింది.

గిరాకీ పెరిగితే ఏమవుతుంది? సరుకు తయారు చేసేవాళ్ళు పుడతారు. ఆడ కుక్క తేరుకోకముందే మళ్ళీ దాటించడం, తోబుట్టువుల్నే జత కలపడం, కళ్ళు తెరిచిన కొద్ది రోజులకే పిల్లల్ని అమ్మేయడం. వీటిని అదుపు చేయడానికే కేంద్రం 2016లో పిల్లలు తీయడం కోసం విదేశీ కుక్కల దిగుమతిని ఆపింది. 2017లో కుక్కల పెంపకం, అమ్మకాలపై నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు.

వీటన్నిటికంటే పెద్ద సమస్య ఎండ. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ, ముక్కులోపలి తడి మీదుగా గాలి పోనిచ్చి ఒంటి వేడి తగ్గించుకుంటుంది. పగ్‌కి ఆ దారే ఇరుకు. చలిదేశపు రాజభవనాల్లోనే ఇబ్బంది పడే కుక్కని రెంటచింతలలో, రామగుండంలో 45 డిగ్రీల మే నెలలో పెంచుతున్నామంటే ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి. రొప్పే కొద్దీ గొంతు వాస్తుంది, వాచే కొద్దీ గాలి తగ్గుతుంది, తగ్గే కొద్దీ ఇంకా రొప్పుతుంది. ఒంటి వేడి 106 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

వలందులే దారి చూపించారు

ఇక్కడ చరిత్ర ఒక చుట్టు తిరిగింది. పగ్‌ని యూరప్‌కి పరిచయం చేసిన హాలండే ఈ విషయంలో గట్టి అడుగు వేసింది. 2019 నుంచి అక్కడ ఒక నియమం అమలు చేస్తున్నారు. మూతి పొడవు, తల పుర్రె పొడవులో మూడో వంతు కంటే తక్కువ ఉంటే ఆ కుక్కతో పిల్లలు తీయకూడదు. 'పొట్టిగా ఉండాలి' అని రాసి ఎంతో చెప్పకపోవడం వల్ల వచ్చిన తిప్పలకి, చివరికి ఒక కొలత పెట్టారు.

జర్మనీలో కొంతమంది పగ్‌ని టెర్రియర్‌తో కలిపి, మూతి బయటికి వచ్చే 'రెట్రో' పగ్‌ని తీస్తున్నారు. అంటే పాతకాలపు పగ్ అని. వాటిని చూస్తే హాగార్త్ కుక్క ట్రంప్ గుర్తొస్తుంది. బ్రిటన్‌లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం, కెన్నెల్ క్లబ్ కలిసి 2019లో శ్వాస పరీక్ష ఒకటి మొదలుపెట్టాయి. డాక్టర్ ముందు స్టెతస్కోప్‌తో వింటారు, కుక్కని మూడు నిమిషాలు చురుగ్గా నడిపించి మళ్ళీ వింటారు. ఎంత బాగా ఊపిరి తీస్తోందో చూసి గ్రేడ్ ఇస్తారు. దాన్ని బట్టి దేన్ని దాటించాలో నిర్ణయించుకోవచ్చు.

మరి మనం ఏం చేయాలి?

ఇంట్లో ఇప్పటికే పగ్ ఉందా? దాని తప్పేం లేదు, మీ తప్పూ లేదు. బాగా చూసుకోండి. ఎండాకాలంలో తెల్లవారుజామున, లేదంటే చీకటి పడ్డాకే బయట తిప్పండి. నిలబెట్టిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలొద్దు. మెడ పట్టీ బదులు ఛాతీకి కట్టే బెల్టు వాడండి. బిస్కెట్లు, అన్నం ముద్దలు ముద్దుకొద్దీ పెట్టి లావు చేయొద్దు, లావు పెరిగితే ఊపిరి ఇంకా కష్టం. ముడతల్ని తుడిచి పొడిగా ఉంచండి. కంట్లో నీరు కారినా, కన్ను మూసుకున్నా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. గురక మరీ ఎక్కువైతే 'జాతి ఇంతే' అనుకోకుండా అడగండి. ముక్కు రంధ్రాల్ని వెడల్పు చేసే, అంగిలిని సరిచేసే ఆపరేషన్లు ఉన్నాయి. ఎండలో తూలిపోయినా, చిగుళ్ళు నీలంగానో ముదురు ఎరుపుగానో మారినా ఒంటి మీద నీళ్ళు పోసి, ఫ్యాన్ గాలి తగలనిచ్చి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

కొత్తగా కొందామనుకుంటున్నారా? ముందు, మీ ఇంటికి పగ్ తప్పనిసరా అని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. మన వాతావరణానికి తట్టుకునే నాటు కుక్కలు షెల్టర్లలో ఎన్నో ఎదురుచూస్తున్నాయి. వదిలేసిన పగ్‌లు కూడా అక్కడ దొరుకుతాయి. అయినా పగ్ పిల్లే కావాలనుకుంటే తల్లిని చూపించమని అడగండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి. తల్లిని కాసేపు నడిపించి ఊపిరి వినండి. ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా, మూతి కొంచెమైనా బయటికి వచ్చిందా చూడండి. బ్రీడర్ రిజిస్ట్రేషన్ అడగండి. పిల్లకి ఎనిమిది వారాలు నిండాయో లేదో కనుక్కోండి.

'మొహం ఎంత చప్పిడిగా ఉంటే అంత ఒరిజినల్' అని ఎవరైనా అంటే, 1745 నాటి ట్రంప్ బొమ్మ ఫోన్‌లో తీసి చూపించండి. అప్పట్లో బహుమతి ఎటు ఇస్తే పగ్ మొహం అటు వెళ్ళింది. ఇప్పుడు మన డబ్బు ఎటు ఇస్తే అటు వెళ్తుంది. ఊపిరి ఆడే కుక్కనే అడిగి కొనేవాళ్ళు పెరిగితే, పెంచేవాళ్ళు అలాంటి పిల్లల్నే తీస్తారు. మనిషి చేత్తో లోపలికి వెళ్ళిన మూతి, మనిషి చేత్తోనే మళ్ళీ బయటికి రాగలదు.

ఇవండీ పగ్ సంగతులు. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఈ వేసవిలో పగ్ కొనే ఆలోచనలో ఉంటే, కొనకముందే ఇది వాళ్ళకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో విషయంతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్కారం.